నాలుక అందని నడుము: వయసు మళ్లిన, బరువెక్కిన పిల్లి చర్మం, బొచ్చు సంగతులు

పిల్లుల గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కొంతకాలంగా ఒక పోలిక కనిపిస్తోంది. పిల్లికి పదేళ్లు దాటి ఉంటాయి, బాగా ఒళ్లు చేసి ఉంటుంది, పెంచుతున్నవారు అడిగేది మాత్రం ఏ షాంపూ వాడాలి, ఏ నూనె రాయాలి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని అలాంటి ఉత్తరాలకే కేటాయించాను. మొదటి ఉత్తరాన్ని దాదాపు యథాతథంగా ఇస్తున్నాను. దాని జవాబులో చెప్పినవి మిగతావారికీ చాలావరకు పనికివస్తాయి కనుక తక్కిన ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా ఆడపిల్లికి పన్నెండేళ్లు. చిన్నప్పుడే పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించాం. పొట్టి బొచ్చు పిల్లి. నాలుగేళ్ల క్రితం 4.9 కిలోలు ఉండేది, ఇప్పుడు 6.8 కిలోలు తూగుతోంది. రెండు నెలలుగా నడుము నుంచి తోక వరకు బొచ్చు జిడ్డు పట్టి పాయలు పాయలుగా విడిపోతోంది, వేళ్లతో కదిపితే తెల్లటి పొట్టు రాలుతోంది. తోక మొదట్లో గోలీకాయంత ఉండలు రెండు కట్టాయి. తల, మెడ, ముందుకాళ్లు మాత్రం ఎప్పటిలాగే నున్నగా మెరుస్తున్నాయి. నడుము మీద చెయ్యి వేస్తే బుస్సుమంటోంది, అందుకని దువ్వడం మానేశాం. స్నానం చేయించమని ఒకరు, నూనె రాయమని ఇంకొకరు, చేపనూనె గుళికలు మింగించమని మరొకరు చెబుతున్నారు. ఉండలను కత్తెరతో తీసేయవచ్చా? వయసుతో పాటు బద్ధకం పెరిగి ఇది ఒళ్లు శుభ్రం చేసుకోవడం మానేసిందని మావారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీవారు సగం సరిగ్గానే చూశారు. పిల్లి శుభ్రం చేసుకోవడం మానేసిన మాట నిజమే. బద్ధకం అన్నదే తప్పు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చిన వాక్యం తల, మెడ, ముందుకాళ్లు నున్నగా ఉన్నాయన్నది. చర్మం మొత్తానికి జబ్బు చేసి ఉంటే, లేదా ఒంట్లో పోషకాలు కరువై ఉంటే, ముందు సగం పట్టులా ఉండి వెనక సగం మాత్రమే జిడ్డోడుతూ ఉండదు. మీ పిల్లి ఒంటి మీద నాలుక ఎంతవరకు చేరుతోందో బొచ్చే గీత గీసి చూపిస్తోంది. గీతకు ఇవతల శుభ్రత ఉంది, అవతల లేదు.

పిల్లి నాలుక చేసే పని మనం అనుకునేదానికంటే ఎక్కువ. దాని మీది గరుకు ముళ్లు గొంతువైపు వంగి ఉంటాయి. వాటి కొసల్లో సన్నని బోలు గాడి ఉంటుందని, ఆ గాడి లాలాజలాన్ని పీల్చుకుని బొచ్చు లోపలి పొరల దాకా చేరుస్తుందని 2018లో వెలువడిన ఒక పరిశోధనలో తేలింది. అంటే పిల్లి ఒకే నాలుకతో తడుపుతుంది, దువ్వుతుంది, ఊడిన వెంట్రుకలను ఏరుతుంది, చర్మం నుంచి ఊరే సహజమైన జిడ్డును వెంట్రుక పొడవునా పలచగా పరుస్తుంది. ఆ నాలుక ఆగిన చోట జిడ్డు కుదుళ్ల దగ్గరే పేరుకుంటుంది, రాలాల్సిన చర్మపు పొట్టు బొచ్చులోనే చిక్కుకుంటుంది, ఊడిన వెంట్రుకలు పక్కనున్నవాటిని చుట్టుకుని ఉండలవుతాయి. మీరు చూస్తున్న మూడు లక్షణాలకూ మూలం ఒక్కటే కావడానికి అవకాశం ఎక్కువ.

నాలుక ఎందుకు ఆగిందన్నది అసలు ప్రశ్న. పొట్ట అడ్డుపడటం ఒక కారణం, అది కంటికి కనిపిస్తూనే ఉంది. కంటికి కనిపించనిది కీళ్ల అరుగుదల. పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తొంభై పిల్లులకు ఎక్కడో ఒకచోట కీళ్ల అరుగుదల ఆనవాళ్లు కనిపించాయి. ఎక్స్‌రేలో కనిపించిన ప్రతి మార్పూ నొప్పి పెట్టాలని లేదు గానీ, తోక మొదలును నాకాలంటే వెన్నును విల్లులా వంచి, తుంటిని మెలితిప్పి, ఒక కాలును పైకెత్తి పట్టాలి. నడుము నొప్పి ఉన్న జీవి చేయగల పని కాదది. చెయ్యి వేస్తే బుస్సుమనడాన్ని కూడా నేను చిరాకు కింద జమకట్టను. నొప్పి ఉందని పిల్లి చెప్పగల పద్ధతుల్లో అదొకటి.

ఇంట్లో ఒక వారం ఈ కోణంలో గమనించండి. పూర్వం ఒక్క గెంతులో ఎక్కిన మంచాన్ని ఇప్పుడు మధ్యలో స్టూలు ఆసరా చేసుకుని రెండు అంచెల్లో ఎక్కుతోందా, దిగేముందు ముందుకాళ్లను వీలైనంత కిందికి జార్చి ఆ తరువాతే దూకుతోందా, మెట్లు దిగేటప్పుడు రెండు వెనకకాళ్లనూ ఒక్కసారే వేస్తోందా అన్నవి చూడాలి. పశువైద్యుల బల్లమీద భయంతో బిగుసుకుపోయిన పిల్లి కుంటదు, మూలగదు. అందుకని ఇంట్లో అది నడిచేటప్పుడు, ఎక్కి దిగేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. ఒక్కోసారి నా పరీక్షకంటే ఆ అర నిమిషం వీడియోయే ఎక్కువ చెబుతుంది.

నొప్పి ఉందని తేలితే దానికి మందులున్నాయి. నెలకొకసారి చర్మం కింద ఇచ్చే ఫ్రునెవెట్‌మాబ్ ఇంజెక్షన్‌కు 2022 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది, ఐరోపాలో అంతకు ముందే అనుమతి వచ్చింది. అది కొన్ని పిల్లుల్లో దురదకు, చర్మం పొక్కడానికి, బొచ్చు ఊడటానికి దారితీయవచ్చు. చర్మం బాగుపడాలని మొదలుపెట్టిన చికిత్సలో మెడ మీద కొత్తగా పొక్కులు కనిపిస్తే మీ వైద్యులకు వెంటనే చెప్పాలి. మెలాక్సికామ్ వంటి నొప్పి మందులు వాడేముందు మూత్రపిండాల పరీక్ష తప్పనిసరి. ఇంట్లో మనుషులకు వాడే నొప్పి మాత్రలు మాత్రం ఒక్క ముక్క కూడా వేయకండి. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు.

అయితే నేను ఉత్తరం చదివి చెబుతున్నాను, పిల్లిని చూసి కాదు. కాబట్టి మరికొన్ని అనుమానాలు తీర్చుకోవాలి. తోక మొదలు ఫ్లీ పురుగులకు కూడా ఇష్టమైన చోటు. దువ్వెనకు వచ్చిన నల్లటి నలుసులను తడిపిన తెల్లటి దూది మీద వేసి చూడండి. వాటి చుట్టూ ఎర్రటి మరక పాకితే అవి రక్తం తాగిన ఫ్లీల విసర్జన, మట్టి కాదు. రాలిన తెల్లటి పొట్టును నల్ల కాగితం మీద దులిపి, భూతద్దంతో నిమిషంసేపు చూడండి. పొట్టు కదులుతున్నట్టు కనిపిస్తే అది చెయ్‌లెటియెల్లా అనే నల్లి పని, అది మనుషులకూ దురద పుట్టిస్తుంది. ఫ్లీలకు మందు వేయాల్సివస్తే కుక్కల కోసం తయారైన చుక్కల మందు పిల్లికి ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. వాటిలో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు విషం. నోరు కూడా చూపించండి. పళ్లు, చిగుళ్లు నొప్పి పుడితే పిల్లి ఒళ్లంతా నాకడం తగ్గిస్తుంది, కానీ అప్పుడు ముందు సగం కూడా మాసిపోతుంది. మీ పిల్లిలో అలా లేదు. బాగా బరువున్న పిల్లులకు మధుమేహం వచ్చే అవకాశం మామూలు బరువున్నవాటికంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ కనుక రక్తంలో, మూత్రంలో చక్కెర పరీక్ష కూడా అదే రోజున చేయించడం మంచిది.

ఇక ఉండల విషయం. కత్తెర పెట్టకండి. ఉండ బిగుసుకునేకొద్దీ కింది చర్మాన్ని డేరాలాగా పైకి లాగుతుంది, పైనుంచి చూసేవారికి ఎక్కడ బొచ్చు అయిపోయి ఎక్కడ చర్మం మొదలైందో తెలియదు. ముసలి పిల్లి చర్మం తడిసిన కాగితంలా పలచబడి ఉంటుంది. కత్తెర మొన ఒక్కసారి తగిలితే చీలిక అంగుళం దాకా పోయి కుట్లు పడిన పిల్లులను చూశాను, తీసుకొచ్చినవాళ్లంతా చాలా జాగ్రత్తగా కోశామనే చెప్పారు. ఉండకూ చర్మానికీ మధ్య మీ రెండు వేళ్లు దూరేంత సందు ఉంటే ఇంట్లో ప్రయత్నించవచ్చు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో ఉండ కింద బొచ్చును కుదుళ్ల దగ్గర గట్టిగా పట్టుకోండి, అప్పుడు మీరు లాగే లాగుడు చర్మానికి తగలదు. ఉండ మీద చిటికెడు మొక్కజొన్న గంజిపొడి చల్లి, కొసల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా వేళ్లతో విడదీయండి. దువ్వెన పని చివర్లోనే. ఒక ఉండ విప్పడానికి నాలుగు రోజులు పట్టినా తొందరేమీ లేదు. సందు లేకపోతే మాత్రం వైద్యుల దగ్గర ట్రిమ్మర్‌తో తీయించాలి, అవసరమైతే స్వల్పంగా మత్తు ఇస్తారు. ఉండ కింద చర్మం చెమ్మగా, ఎర్రగా ఉందేమో అప్పుడే చూస్తారు.

ఉండలుండగా స్నానం అసలే వద్దు, తడిసిన ఉండ ఆరేటప్పుడు మరింత బిగుస్తుంది. ఉండలు పోయాక కూడా చాలా పిల్లులకు స్నానం అక్కర్లేదు. మనుషుల షాంపూ మన చర్మపు ఆమ్లగుణానికి తగ్గట్టు తయారవుతుంది, పిల్లి చర్మం దాదాపు తటస్థంగా ఉంటుంది కనుక అది సరిపడదు. నూనె సంగతి ఇంకా సూటిగా చెబుతాను. మీ పిల్లి నడుము మీద ఇప్పటికే పరచాల్సిన జిడ్డు పేరుకుపోయి ఉంది, మరికాస్త జిడ్డు పూస్తే లాభం ఏముంటుంది? పైగా రాసింది ఏదైనా పిల్లి నాలుకకు అందితే కడుపులోకే వెళుతుంది. టీ ట్రీ నూనె వంటి సుగంధ తైలాలు చర్మం ద్వారా కూడా విషంగా పనిచేస్తాయి.

చేపనూనెను పూర్తిగా కొట్టిపారేయను. దానిలోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు చర్మపు వాపును, కీళ్ల వాపును కొంత తగ్గించగలవు. అయితే అందని చోటికి అది నాలుకను అందించలేదు. గ్రాము నూనెలో 9 కిలోకాలరీలుంటాయన్న సంగతి కూడా మరవకూడదు. కాడ్ చేప కాలేయపు నూనె వేరే సంగతి, దానిలో ఎ విటమిన్ పేరుకుని పిల్లి వెన్నెముక బిగిసిపోయే ప్రమాదం ఉంది కనుక అది వద్దు.

దువ్వడం మళ్లీ మొదలుపెట్టాలి, కానీ పాత పద్ధతిలో కాదు. నొప్పికి మందు పడిన వారం పది రోజుల తరువాత, తిని కునుకు తీయబోయే వేళ, జారని తువ్వాలు మీద పిల్లిని కూర్చోనివ్వండి. ఎత్తి బలవంతంగా ఒళ్లో పెట్టుకోవద్దు. మెత్తని రబ్బరు బ్రష్‌ను ముందు బుగ్గకు ఆనించండి. అది తానే వచ్చి బుగ్గను రుద్దుకుంటే, గడ్డం కింద రెండుసార్లు, భుజం మీద రెండుసార్లు, ఆ తరువాత నడుము మీద ఒక్కసారి బొచ్చు వాలు వెంబడి దువ్వి ఆపేయండి. మొదటి వారం అంతే. తోక కొస టపటపలాడటం, చెవులు పక్కలకు వాలడం, వీపు చర్మం అలలా వణకడం, తల గిర్రున మీ చేతివైపు తిరగడం, ఈ వరుసలో మొదటిది కనిపించినప్పుడే ఆపితే చివరిదాకా పోదు. రోజుకు రెండు నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజు అరగంట పట్టుకుని దువ్వితే పిల్లికి బ్రష్ అంటేనే పగ పుడుతుంది. నెల తరువాత వెడల్పు పళ్ల లోహపు దువ్వెనకు మారవచ్చు. వెన్నుపూసల మీద, తుంటి ఎముకల మీద ఒత్తకూడదు.

ఇదంతా నాలుక చేయాల్సిన పనిని మీ చేయి అరువుగా చేయడమే. నాలుకకు దాని పని తిరిగి అప్పగించాలంటే బరువు తగ్గాలి, అదీ నెమ్మదిగా. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే చాలు, ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారిగా కాలేయంలోకి చేరి దాన్ని దెబ్బతీయవచ్చు. చికిత్స అందకపోతే అది ప్రాణాంతకం. అందుకని పిల్లిని పస్తు పెట్టడం అన్న ఆలోచన దరికి రానివ్వకండి. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే చాలు. మీ పిల్లి విషయంలో అది వారానికి 35 నుంచి 70 గ్రాములు. నాలుగేళ్ల క్రితపు 4.9 కిలోలే దానికి తగిన బరువు అనుకుంటే, ఆ బరువుకు విశ్రాంతిలో రోజుకు కావలసిన శక్తి సుమారు 230 కిలోకాలరీలు. అందులో ఎనభై శాతం, అంటే దాదాపు 185 కిలోకాలరీలతో మొదలుపెట్టడం వాడుకలో ఉన్న లెక్క. వారానికి ఒక శాతం చొప్పున తగ్గినా గమ్యం చేరడానికి ఎనిమిది నెలలు పడుతుంది, అర శాతమైతే ఏడాది దాటుతుంది. ఇప్పుడు పెడుతున్న తిండినే సగానికి కోయడం కూడా సరికాదు. బరువు తగ్గించడానికి ప్రత్యేకంగా తయారయ్యే ఆహారంలో కాలరీలు తగ్గినా మాంసకృత్తులు, పిల్లికి తప్పనిసరైన టౌరిన్, అరాకిడోనిక్ ఆమ్లం అనే పోషకాలు తగ్గవు. మామూలు తిండిని కోస్తే ఇవీ తగ్గుతాయి, వాటిలో కొన్నింటి కొరత చివరికి చర్మం మీద కూడా కనిపిస్తుంది.

గిన్నెలో కప్పులతో కొలవకుండా వంటింటి త్రాసులో గ్రాముల లెక్కన తూచండి. చిరుతిళ్లు రోజు మొత్తం కాలరీల్లో పదో వంతు మించకూడదు, బ్రష్ తరువాత ఇచ్చే బహుమానం కూడా అందులోనే. మనుషులు తూగే యంత్రం చాలావరకు వంద గ్రాముల తేడానే చూపిస్తుంది కనుక వారానికి 50 గ్రాముల తగ్గుదల దానికి కనిపించదు. పసిపిల్లలను తూచే యంత్రం దొరికితే రెండు వారాలకొకసారి తూచి రాసుకోండి. అంకెల కంటే ముందే మీకు తెలిసే గుర్తు మరొకటి ఉంది. శుభ్రమైన బొచ్చుకూ మాసిన బొచ్చుకూ మధ్య గీత ఇప్పుడు నడుము దగ్గర ఉందన్నారు కదా, ఆ గీత నెలనెలా తోకవైపు జరుగుతోందేమో చూడండి.

ప్రశ్న: మా పొడవు బొచ్చు మగపిల్లికి పదకొండేళ్లు, 8 కిలోలు. తోక కింద, వెనకకాళ్ల మధ్య ఎప్పుడూ తడిగా, మూత్రం వాసనగా ఉంటోంది. చర్మం ఎర్రబడింది. తడి తుడుపు కాగితాలతో రోజూ తుడుస్తున్నాం, ఎరుపు ఇంకా పెరిగింది.

జవాబు: ముందుగా ఆ తుడుపు కాగితాలు ఆపండి. వాటిలోని సువాసన ద్రవ్యాలు, ఆల్కహాలు ఒరిసిన చర్మాన్ని మండిస్తాయి, పిల్లి నాకితే లోపలికీ పోతాయి. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన మెత్తని నూలుగుడ్డను ఆ చోట పది సెకన్లు ఆనించి ఉంచితే ఎండిన మురికి నానుతుంది. రుద్దకుండా అద్ది తీయండి. ఆ తరువాత పొడిగుడ్డతో తడి లేకుండా అద్దడం కడగడం కంటే ముఖ్యం. ఎందుకంటే కొవ్వు మడతల్లో చెమ్మ నిలిస్తే బాక్టీరియా, ఈస్ట్ రెండూ పెరుగుతాయి. గోధుమరంగు జిగట, పుల్లని వాసన కనిపిస్తే ఇంటి శుభ్రత చాలదు, పరీక్ష చేయించి పూతమందు వాడాలి. పౌడరు మాత్రం చల్లకండి, అది చెమ్మతో కలిసి మడతల్లో ముద్దలు కడుతుంది. తోక కింద, తొడల వెనక బొచ్చును రెండు నెలలకొకసారి ట్రిమ్మర్‌తో పొట్టిగా తీయిస్తే మీ పని సగం తగ్గుతుంది. వేడి రోజుల్లో మలం అంటిన బొచ్చు మీద ఈగలు గుడ్లు పెడతాయి, గంటల్లో పురుగులు పడవచ్చు కనుక పూటపూటా చూడండి.

లిట్టర్ ట్రేను కూడా ఒకసారి పరీక్షగా చూడాలి. ముక్కు నుంచి తోక మొదలు వరకు పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు పొడవున్న ట్రే, లోపలికి దిగే వైపు గట్టు నాలుగు వేళ్లకు మించని ట్రే కావాలి. గట్టు ఎత్తుగా ఉంటే మోకాళ్లు నొప్పి పుట్టే పిల్లి పూర్తిగా కూర్చోకుండానే మూత్రం పోస్తుంది, అది తన తొడలమీదే పడుతుంది. మూత్రం ఎక్కువగా పోస్తోందా, నీళ్లు ఎక్కువగా తాగుతోందా అన్నది గమనించి వైద్యులకు చెప్పండి. మరో మాట, మగపిల్లి ట్రేలో పదేపదే కూర్చుంటూ చుక్కలు చుక్కలుగా పోసినా, అసలు పోయలేకపోయినా అది చర్మం సమస్య కాదు, ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: పద్నాలుగేళ్ల మా పిల్లి ఆరు కిలోలుండేది. మేం ఏమీ చేయకుండానే మూడు నెలల్లో 4.7 కిలోలకు తగ్గింది. ఆకలి బాగుంది, హుషారు కూడా పెరిగింది. బొచ్చు మాత్రం గడ్డిలా లేచి నిలబడుతోంది. బరువు తగ్గినందుకు సంతోషమే గానీ, బొచ్చుకు ఏం వాడాలి?

జవాబు: నాకు సంతోషం కలగడం లేదు. తిండి తగ్గించకుండా పన్నెండు వారాల్లో అయిదో వంతు బరువు పోవడం జబ్బు లక్షణమే అని భావించి ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించండి. పదేళ్లు దాటిన పిల్లిలో ఆకలి పెరుగుతూ బరువు తగ్గుతుంటే, మునుపెన్నడూ లేని హుషారు కనిపిస్తుంటే, బొచ్చు చెదిరిపోతుంటే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోందని మొదట అనుమానించాలి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, పేగుల జబ్బు తరువాతి అనుమానాలు. మధుమేహం ముదిరిన కొన్ని పిల్లులు వెనకకాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి, ఆ నడక ఉందేమో చూసి చెప్పండి. రక్తపోటు కూడా కొలిపించండి. థైరాయిడ్ జబ్బుకు మందు మొదలుపెట్టాక బొచ్చు దానంతట అదే కుదుటపడటం చాలాసార్లు చూశాను. అంతవరకు బొచ్చుకంటూ ఏ మందూ వద్దు.

ప్రశ్న: మా నల్లపిల్లి బొచ్చు వీపు మీద ఇటుకరంగుకు తిరుగుతోంది. తొమ్మిదేళ్లు, కాస్త లావు. ముసలితనమేనా?

జవాబు: కిటికీలో ఎండకు గంటల తరబడి పడుకునే పిల్లి అయితే ఎండ వల్ల కావచ్చు. అలా కాకపోతే తిండివైపు చూడండి. నలుపు రంగు తయారీకి టైరోసిన్, దానికి మూలమైన ఫెనైల్అలనిన్ అనే అమైనో ఆమ్లాలు సరిపడా అందాలి. అవి బొటాబొటిగా అందితే పిల్లి ఆరోగ్యంగా కనిపిస్తూనే నల్లబొచ్చు ఎర్రబడుతుంది. లావు తగ్గించాలని మీరే ఇంట్లో వండిపెడుతుంటే, లేదా మామూలు ఆహారాన్ని బాగా కోసేసి ఉంటే ఇది జరగడానికి వీలుంది. సమతుల ఆహారానికి మారిస్తే కొత్తగా మొలిచే వెంట్రుకలు నల్లగా వస్తాయి, పాతవి ఊడేదాకా ఆగాల్సిందే.

ప్రశ్న: దువ్వుతుంటే పక్కటెముకల మీద శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. పదమూడేళ్ల పిల్లి, లావుగా ఉంటుంది కాబట్టి కొవ్వుగడ్డే అనుకోవచ్చా?

జవాబు: అనుకోకండి. కుక్కల్లో కొవ్వుగడ్డలు మామూలే గానీ, పిల్లుల చర్మపు గడ్డల్లో చెడ్డవి, అంటే క్యాన్సర్ గడ్డలు, రావడానికి అవకాశం చెప్పుకోదగ్గంత ఎక్కువ. సూదితో కొద్దిపాటి కణాలు తీసి చూడటం కొన్ని నిమిషాల పని. ఈలోగా గడ్డ పక్కన నాణెం పెట్టి ఫోటో తీయండి, ఎక్కడుందో కాగితం మీద బొమ్మ గీసి తేదీ వేయండి. లావుపాటి పిల్లికి మళ్లీ అదే గడ్డను వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో పరీక్షగదిలో గానీ తెలియదు. టీకా వేసిన చోట వచ్చిన గడ్డ అయితే, మూడు నెలలు దాటినా పోకపోయినా, రెండు సెంటీమీటర్లు మించినా, టీకా వేసిన నెల తరువాత కూడా పెరుగుతున్నా ముక్క తీసి పరీక్ష చేయించాలన్నది నియమం. ఈ మూడింట్లో ఒక్కటి ఉన్నా చాలు.

ప్రశ్న: మా ముసలి పిల్లి గోళ్లు గోకుడు బల్ల వాడకపోవడంతో లావుగా, వంకరగా పెరిగాయి. ఒక వేలు దగ్గర బొచ్చంతా అంటుకుపోయి వాసన వస్తోంది.

జవాబు: ఆ గోరు అరికాలి మెత్తలోకి దిగి ఉండవచ్చు. వయసు మళ్లిన పిల్లి గోరు పైపొరలు ఊడకుండా ఒకదానిమీద ఒకటి పేరుకుని లావెక్కుతుంది, పైగా కీళ్ల నొప్పి ఉన్న పిల్లి గోకడం మానేస్తుంది. ముందుకాలి లోపలివైపున, కాస్త ఎత్తులో ఉండే బొటనవేలి గోరును చాలామంది చూడటం మరచిపోతారు, మెత్తలోకి దిగేవాటిలో అది ముందుంటుంది. ఇంట్లో పీకకండి. వైద్యులు గోరును కత్తిరించి, గుచ్చుకున్న ముక్క తీసి, గాయం కడుగుతారు, చీము ఉంటే మందు రాసిస్తారు. గాయం మానాక మూడు వారాలకొకసారి పద్దెనిమిది గోళ్లనూ చూడండి. అన్నీ ఒకేరోజు కత్తిరించనక్కర్లేదు, రోజుకు రెండు చాలు. బ్రష్ చేసే ఆ రెండు నిమిషాల్లోనే ఒక పంజా పట్టుకుని, మెత్తను సుతారంగా నొక్కి, గోరు బయటికి వచ్చాక కొసను మాత్రమే, లోపలి గులాబీరంగు భాగానికి తగలకుండా తీయండి.